ఊటకు యజమాని

సిద్కీకి ఒక ప్రశ్న చిక్కు తెచ్చిపెట్టింది. చూడటానికి చిన్న ప్రశ్న. దాన్ని ఇంగ్లీషులోంచి టర్కిష్‌లోకి మార్చి అడగడమే అతని ఉద్యోగం. అడిగిన ప్రతిసారీ ఊరివాళ్లు నవ్వేవాళ్లు.

"ఇది ఎవరిది?"

సైప్రస్ దీవి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చి అప్పటికి ఒక తరం దాటింది. పొలాలు కొలిచి, ఏది ఎవరిదో రాసుకునే పని ఊరూరా సాగుతూ కొండ వాలున ఉన్న ఇంజిర్‌దెరె దాకా వచ్చింది. ఊరి బయట సర్వే డేరా లేచింది. అందులో ఆష్బీ అనే దొర, గొలుసు పట్టే కూలీలు, దుబాసీగా సిద్కీ.

సిద్కీది ఆ ఊరే. చిన్నప్పుడే తండ్రి పోతే ఊరి పైనున్న సూఫీ దర్వేషుల తెక్కేలో పెరిగాడు. తెక్కే అంటే మఠం. దాని పెద్ద వెహ్బీ దెదె. దెదె అంటే వాళ్ల భాషలో తాత. గురువునూ అలాగే పిలుస్తారు. ఆయనే అతన్ని నికోసియాలో ఇంగ్లీషు బడికి పంపాడు. ఉద్యోగం వచ్చాక కూడా సిద్కీ సెలవు దొరికితే తెక్కేకే వచ్చి, గురువు ముందు మోకాళ్ల మీద కూర్చునేవాడు. ఊళ్లో అందరికీ అతను మన సిద్కీ.

కొలత మొదలైన రోజే దొర ఒక ఆలివ్ చెట్టు దగ్గర ఆగాడు. ఎవరిదని అడిగించాడు.

"ముగ్గురు అన్నదమ్ములది," అన్నాడు జిహ్నీ. అతను ఊరి మంగలి.

"అయితే ఈ నేల కూడా వాళ్లదేనా?"

"నేల నాది."

"నీ నేలలో వాళ్ల చెట్టు ఎందుకుంది?"

జిహ్నీ దుబాసీ వైపు తిరిగాడు. "మన సిద్కీ, దొరగారికి ఎండ దెబ్బ తగిలిందేమో కనుక్కో. చెట్టును నేలలో కాక ఎక్కడ నాటుతారట?"

"దీనికి పారే నీళ్లు ఎవరివని అడుగుతున్నారు."

"నీళ్లు పైనుంచి వస్తాయి."

"వస్తాయి సరే, ఎవరివి?"

"వస్తాయని చెప్పాను కదయ్యా."

దొర చెడ్డవాడు కాదు. నేల ఒకరిది, చెట్టు ఇంకొకరిది కావడం ఈ దీవిలో మామూలేనని కింది ఊళ్లలోనే నేర్చుకున్నాడు. రెంటినీ విడివిడిగా రాసుకున్నాడు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి కలం ఆపి సిద్కీని చూశాడు.

ఇంగ్లీషులో మనిషి ముందు వస్తాడు. అతను ఇల్లు కలిగి ఉంటాడు, కొడుకును కలిగి ఉంటాడు, జలుబును కూడా కలిగి ఉంటాడు. అన్నిటికీ ఒకటే క్రియ, చేత్తో పట్టుకున్నట్టు. టర్కిష్‌లో మనిషి అంత ముందుకు రాడు. నా ఇల్లు ఉంది, నా కొడుకు ఉన్నాడు అంటారు. ఉండటం ఇంటి పని, కొడుకు పని. మనిషి పక్కన నిలబడతాడు. సిద్కీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈ రెండింటి మధ్య అటూ ఇటూ నడిచేవాడు. నడిచీ నడిచీ ఇంగ్లీషు వైపే దారి చదునుగా ఉందని అతనికి అనిపించసాగింది.

ఆ మాట గురువుతో కూడా అన్నాడు.

"దెదె, ఇంగ్లీషు తేటైన భాష. అందులో ఏ వస్తువూ దిక్కులేకుండా ఉండదు. ప్రతిదానికీ ఒక మనిషి ఉంటాడు."

దెదె చెప్పు కుట్టుకుంటున్నాడు. "మరి మనిషికి?"

"మనిషి కూడా చెందుతాడు. ఊరికో, సంఘానికో. పార మనిషికి చెందినా, మనిషి ఊరికి చెందినా వాళ్లకు మాట ఒకటే."

"ఒకటే మాటైతే చిక్కే," అన్నాడు దెదె దారం కొరుకుతూ. "పార పట్టినవాడికీ పారకూ తేడా ఎలా తెలుస్తుంది?"

సిద్కీ నవ్వాడు. గురువుకు ఇంగ్లీషు రాదు కదా అనుకున్నాడు.

తెక్కే వెనక ఒక బండ కింద ఊట ఉంది. ఆ నీళ్లు రాతి తొట్టిలో పడి, తొట్టి తూము దాటి కాలువగా ఊళ్లోకి దిగేవి. ఎవరి తోటకు ఎప్పుడు పారాలో వంతులున్నాయి. వేసవి రాకముందు ఒక శుక్రవారం నమాజు కాగానే ఊరంతా పారలు భుజాన వేసుకుని వచ్చి కాలువ పూడిక తీసేది. ఇమెజె అంటారు దాన్ని. కూలి ఉండదు, పిలుపు ఉండదు. తెక్కే వాళ్లు గోధుమ జావ కాచి పోసేవాళ్లు. బాటసారి ఎవరైనా వస్తే ముందు నీళ్లు తాగాలి, తర్వాతే పేరు చెప్పాలి. ఊటకు కాగితం లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ రాయించలేదు.

రెమ్జీ ఆగాకు ఆ సంగతి తెలుసు. ఆగా అంటే భూస్వామి. ఊరి దిగువన ఆయన నారింజ తోటలున్నాయి. రాతి తొట్టి తన తాత కట్టించాడని కాఫీ దుకాణంలో చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి చెప్పినప్పుడు విన్నవాళ్లు నవ్వారు. మళ్లీ చెప్పినప్పుడు ఇద్దరు ముసలివాళ్లు, ఆ తాతను తాము చూశామని తలలూపారు. ఆ ఇద్దరూ ఆగా పొలంలో కాపురం ఉండేవాళ్లు.

ఆష్బీ దొర ముక్కుసూటిగా చెప్పాడు. వారం చివర ఊట దగ్గరికి వస్తాను, తనదని ఎవరైనా చెప్పి సాక్ష్యం చూపిస్తే వాళ్ల పేరు రాస్తాను, ఎవరూ చెప్పకపోతే సర్కారు పేరు రాస్తాను.

"సర్కారు దాన్ని ఏం చేస్తుంది?" అని సిద్కీ అడిగాడు.

"వేలం వేయవచ్చు. కొనగలిగినవాడు ఇక్కడ ఒక్కడే ఉన్నాడు కదా."

ఆ మధ్యాహ్నమే సిద్కీ కొండెక్కాడు. దెదె వాకిట్లో కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతున్నాడు.

"దెదె, ఊట మీదని చెప్పండి."

"నాది కాదు కదా."

"అబద్ధమే. కానీ మీరు చెప్పకపోతే ఆగా చెబుతాడు. అదీ అబద్ధమే. ఏదో ఒక అబద్ధం రాయక తప్పనప్పుడు మీది రాస్తే నష్టమేంటి?"

"నా దగ్గర సాక్ష్యం లేదు."

"మీరు సరేనంటే ఊరంతా సాక్ష్యమే."

దెదె ఏరిన రాళ్లను పక్కన పోశాడు. "నేను వచ్చేటప్పటికే అది పారుతోంది. నన్నేం అనమంటావు?"

"నాది అనండి. ఒక్క మాట."

"రాదు నాకు."

సిద్కీకి కోపం వచ్చింది. గురువు ముందు గొంతు పెంచడం తెక్కేలో లేని అలవాటు. గొంతు పెంచకుండానే అన్నాడు: "మీ చేతులకు మట్టి అంటకూడదు. రేపు జిహ్నీ తోట ఎండితే, హవ్వా అవ్వ కూరపాదులు ఎండితే, అది మాత్రం వాళ్ల ఖర్మ. అంతేనా?"

దెదె తల ఎత్తి అతన్ని చూశాడు.

"అయితే నా పేరు రాయిస్తాను," అన్నాడు సిద్కీ. "కాగితం మీద నా పేరు. నీళ్లు ఎప్పట్లాగే. మీకు ఇష్టమేనా?"

"నీకు మంచిదని తోచింది చెయ్యి. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. ఎవరి పేరు రాస్తే, నేను ఆ మనిషిని అడిగే తాగుతాను. దానికి నువ్వు ఒప్పుకుంటే రాయించు."

సిద్కీకి నవ్వొచ్చింది. "అలాగే, దెదె. అడిగే తాగండి."

వారం చివర ఊరంతా ఊట చుట్టూ చేరింది. ఆగా తన ఇద్దరు ముసలివాళ్లతో, కొత్త ఫెజ్ టోపీతో వచ్చాడు. దొర మామూలు ప్రశ్న వేశాడు. ఆగా గొంతు సవరించుకునే లోపలే సిద్కీ జవాబు చెప్పేశాడు. ఇంగ్లీషులో చెప్పాడు.

"ఇది నాది. మా నాన్న వైపు నుంచి వచ్చింది."

మాట తేలిగ్గా వచ్చింది. అదే మాట టర్కిష్‌లో, హవ్వా అవ్వ ముందు, జిహ్నీ ముందు, తనకు తొట్టిలో స్నానం చేయించిన ఆడవాళ్ల ముందు అనాల్సి వస్తే నోరు పెగిలేది కాదని అతనికి అప్పుడే తెలుసు. ఇంగ్లీషులో అది వేరే ఎవరో అన్నట్టుంది.

ఊరి ముఖ్తార్, అంటే పెద్ద, ముందుకొచ్చి అవునని ముద్ర వేశాడు. ఎనిమిదిమంది సాక్షులు నిలబడ్డారు. అందరికీ నిజం తెలుసు. అందరూ సంతోషంగానే అబద్ధం చెప్పారు. మన సిద్కీ పేరంటే మన పేరే కదా అని జిహ్నీ తేల్చేశాడు.

ఆగా తన ముసలివాళ్లను వెంటబెట్టుకుని వెనుదిరిగాడు. సిద్కీ పక్కనుంచి పోతూ ఒక్క క్షణం నిలిచి అన్నాడు.

"బాగుంది, మన సిద్కీ. నాకిచ్చి ఉంటే కనీసం నేను ఆగానని వీళ్లకు ముందే తెలుసు. నీ సంగతి ఇంకా తెలియదు."

ఆ సాయంత్రం కాఫీ దుకాణంలో సిద్కీని డబ్బులియ్యనివ్వలేదు.

తెల్లారి అతను తెక్కే గదిలోంచి బయటికి వచ్చేసరికి వెహ్బీ దెదె తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో మట్టికూజా. తొట్టి గట్టుకు రెండడుగుల ఇవతలే ఆగాడు.

"సిద్కీ ఎఫెండి, కాసిని నీళ్లు తీసుకోవచ్చా?"

ఎఫెండి అంటే అయ్యగారు. సిద్కీ పకపకా నవ్వాడు. లోపల జావ కలుపుతున్న దర్వేషులు కూడా నవ్వారు. దెదె నవ్వలేదు, కోపంగానూ లేడు. జవాబు కోసం చూస్తున్నాడు.

"తీసుకోండి దెదె, అదేం మాట."

"అల్లా మీకు మేలు చేయాలి," అని ముంచుకుని వెళ్లాడు.

మర్నాడూ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. నవ్వు రెండోనాటికే అయిపోయింది. తర్వాత సిద్కీ చెవులు కాలేవి. ఆయన రాకముందే లేచి తనే కూజా నింపి గుమ్మంలో పెట్టి చూశాడు. దెదె ఆ కూజా తీసుకుని తొట్టిలో ఒంపేసి, గట్టుకు ఇవతల నిలబడి అడిగాడు.

"దెదె, నన్ను ఎందుకిలా చేస్తున్నారు?"

"ఒప్పుకున్నదే చేస్తున్నాను."

"తమాషాకి అన్నారనుకున్నాను."

"నేను కాగితాన్ని తమాషా అనుకోలేదు, ఎఫెండి."

సర్వే పక్క ఊరికి కదిలింది. సిద్కీ దాని వెంట వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ఒక దర్వేషు చాటుగా చెప్పాడు. అతను లేని రోజుల్లో దెదె కొండ దిగి, లోయలో ఉన్న వాగులో నీళ్లు ముంచుకుని, కూజా భుజాన పెట్టుకుని ఎక్కి వస్తున్నాడట. దారిలో రెండు చోట్ల కూర్చుంటాడట.

సిద్కీ పరుగున పోయి గురువు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నేను లేనప్పుడు కూడా తీసుకోండి. ఎప్పటికీ తీసుకోండి. ఇదిగో, ఇచ్చేశాను అనుమతి."

"ఇవాళ్టికి ఇచ్చింది ఇవాళ్టికే. రేపు మీ మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసా?"

"తెలుసు."

"నాకు తెలియదు."

ఆ ముసలాయన కొండ ఎక్కుతూ దిగుతూ ఉంటే సిద్కీ సర్వే డేరాలో నిద్రపోలేకపోయాడు. కొన్ని నెలలకు ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశాడు. పొద్దున్నే గురువు అడిగే వేళకు అక్కడ ఉండాలని వచ్చాడు. వేరే కారణం లేదు.

వేసవి ముందు శుక్రవారం వచ్చింది. నమాజు అయింది. సిద్కీ పార తీసుకుని కాలువ దగ్గర నిలబడ్డాడు. ఇద్దరు దర్వేషులు వచ్చారు. దెదె వచ్చి, "ఎఫెండి, నన్ను పని చేయమంటారా?" అని అడిగాడు. ఊళ్లోంచి మాత్రం ఎవరూ రాలేదు. జావ చల్లబడింది.

సిద్కీ మంగలి కొట్టుకు వెళ్లాడు. జిహ్నీ ఎవరికో గడ్డం గీస్తున్నాడు.

"ఏం జిహ్నీ, పార తీయలేదేం?"

"మీరు పిలవలేదు కదా."

"ఏనాడు పిలిచారు నిన్ను? ఏటా వచ్చేవాడివే కదా."

"ఏటా మన కాలువ. ఇప్పుడు చెప్పాపెట్టకుండా వచ్చి మీ గట్టు మీద పార వేస్తే రేపు మాట వస్తుంది."

"ఎవరు అంటారు మాట? నేనా? నీ సిద్కీని నేను."

జిహ్నీ కత్తి తుడుచుకున్నాడు. అతని ముఖంలో ఎగతాళి లేదు. "కాదని ఎవరన్నారు. మీ పెళ్లికి పిలిస్తే వస్తాను, చావుకు పిలవకపోయినా వస్తాను. కానీ ఒకళ్ల ఆస్తిలో పని అంటే అది వేరే కదా, ఎఫెండి. మీకు నేను చెప్పాలా?"

హవ్వా అవ్వ ఇంకా సూటిగా అడిగింది. "కూలి ఎంతిస్తావు నాయనా? మా అల్లుడు ఖాళీగానే ఉన్నాడు."

ఎవరూ అతని మీద కక్ష కట్టలేదు. అదే అతనికి మింగుడు పడలేదు. కక్ష అయితే సర్దుకోవచ్చు. వీళ్లు మర్యాద చేస్తున్నారు.

ఆ ఏడు తన జేబులోంచి కూలీలను పెట్టి పూడిక తీయించాడు. హవ్వా అవ్వ అల్లుడు కూడా వచ్చి పనిచేసి కూలి పుచ్చుకున్నాడు. రెండో ఏడు జేబులో ఏమీ లేదు. తోటకింత అని ఇస్తే కాలువ పని అవుతుందని అందరికీ చెప్పాడు. గొడవ పడతారనుకున్నాడు. ఎవరూ పడలేదు. అడిగినంత ఇచ్చారు. ఇచ్చిన మర్నాటి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. నా వంతుకు నీళ్లు సన్నగా వచ్చాయి. నా వంతులో ఎవరో గండి కొట్టారు. డబ్బు తీసుకున్నాక చూసుకోవాలి కదా ఎఫెండి. ఇదివరకు అలాంటి తగాదాలు కాలువ గట్టు మీదే వాళ్లలో వాళ్లు తిట్టుకుని తీర్చుకునేవాళ్లు. ఇప్పుడు అన్నీ కొండెక్కి అతని దగ్గరికి వచ్చేవి. అతను తీర్పులు చెప్పేవాడు. న్యాయంగానే చెప్పేవాడు. గెలిచినవాడు దండం పెట్టేవాడు, ఓడినవాడు కూడా పెట్టేవాడు.

ఊళ్లో ఎవరూ అతన్ని మన సిద్కీ అనడం లేదని ఒకరోజు గమనించాడు. ఎప్పుడు మానేశారో గుర్తుపట్టలేకపోయాడు.

ఒక మధ్యాహ్నం గాడిద మీద ఉప్పు మోసుకుపోయే బాటసారి వచ్చి తొట్టి మీదికి వంగాడు. దెదె అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"ముందు ఆయన్ను అడగండి."

"ఆయనెవరు?"

"నీళ్లు ఆయనవి."

ఉప్పువాడు సిద్కీని కిందినుంచి మీదికి చూశాడు. "వానలు కూడా ఈయనవేనా? మా ఊళ్లో రెండేళ్లుగా పడటం లేదు, కాస్త చెప్పమనండి."

"తాగు బాబూ, తాగు," అన్నాడు సిద్కీ. ముఖం ఎర్రబడింది. ఆ మనిషి తాగి, గాడిదకు పెట్టి, పేరు చెప్పకుండానే వెళ్లిపోయాడు. అడగడం సిద్కీ కూడా మరిచిపోయాడు.

మర్నాడే అతను కాగితం తీసుకుని నికోసియా వెళ్లాడు. ఆష్బీ దొర స్వదేశానికి వెళ్లిపోయాడు. ఆఫీసులో గుమాస్తా కాగితం చూసి సక్రమంగానే ఉందన్నాడు.

"దీన్ని మార్పించాలి."

"ఎవరి పేరుకు?"

"ఊరందరి పేరుకు. దారిన పోయేవాళ్లకు కూడా."

గుమాస్తా అతన్ని కాస్త జాలిగా చూశాడు. "అందరూ అనే ఆసామి వచ్చి సంతకం పెడతాడా?"

"పోనీ, నా పేరు కొట్టేయండి."

"కొట్టేస్తే సర్కారుది అవుతుంది. అప్పుడు వేలం. చెప్పమంటారా కొట్టేయమని?"

సిద్కీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తెక్కేకు వచ్చి గురువు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చునే చోటే.

"దెదె, దీన్ని ఎలా వదిలించుకోవాలి?"

"వదిలేస్తే రెమ్జీ ఆగా ఎత్తుకుంటాడు. మీరే అన్నారు."

"ఎవరికైనా ఇచ్చేస్తాను. మీకే ఇస్తాను."

"ఇవ్వాలన్నా ముందు మీదై ఉండాలి," అన్నాడు దెదె. "అది నాకు నేర్పకండి, ఎఫెండి. ఈ వయసులో నేర్చుకోలేను."

"అప్పుడే ఎందుకు ఆపలేదు నన్ను?"

దెదె తల ఊపాడు. "మీరు చెప్పింది నిజమే కాబట్టి. జిహ్నీ తోట ఎండిపోయేది. నాకు వేరే దారి తెలియదు. ఇప్పటికీ తెలియదు."

గురువు నోట తెలియదు అనే మాట విని సిద్కీకి భయం వేసింది. మరి ఎందుకు రోజూ ఈ శిక్ష అని అడగబోయి మానుకున్నాడు. తెల్లారింది. కూజా వచ్చింది. ప్రశ్న వచ్చింది. అతను తల దించుకుని తీసుకోండి అన్నాడు.

ఆ తర్వాతి చలికాలం కొండల మీద వాన పడలేదు. దాని తర్వాతి చలికాలమూ పడలేదు. ఊట సన్నబడింది. బండ కింద వేలు లావున కారే ధార వేసవికి దారమంత అయింది. రాత్రిపూట ఎవరో తూము తెరుచుకుంటున్నారు. వంతులవాళ్లు కొండెక్కి వచ్చి, డబ్బు పుచ్చుకునేవారు మీరేం చేస్తున్నారని మర్యాదగా అడిగారు. సిద్కీ తూముకు ఇనుప పలక పెట్టించి తాళం వేశాడు. తొట్టికి కొయ్య కంచె కట్టించాడు. తెక్కేకింత, ఊళ్లో ఇంటికింత, తోటకింత అని లెక్క వేశాడు. లెక్కలో తనకు అందరికంటే తక్కువ పెట్టుకున్నాడు. అలా పెట్టుకున్నందుకు లోలోపల తృప్తిగా ఉండేది. ఆ లెక్క వల్లే ఆ వేసవి ఏ ఇల్లూ పూర్తిగా ఎండలేదు. అందరూ ఆ మాట ఒప్పుకున్నారు. రెమ్జీ ఆగా కూడా కాఫీ దుకాణంలో ఒప్పుకున్నాడు.

"బాగా చూసుకుంటున్నాడు," అన్నాడు ఆగా. "నేనైనా ఇంతే చేసేవాణ్ని."

వేసవి చివర ఒక ఉదయం సిద్కీ కంచె లోపల ఉన్నాడు. ఒక కర్రతో తొట్టిలో నీటి మట్టం కొలుస్తున్నాడు. నిన్నటికంటే తగ్గింది. మనసులో ఏదో కూడుతూ తీసేస్తూ ఉన్నాడు. కంచె బయట అడుగుల చప్పుడు వినిపించింది.

"సిద్కీ ఎఫెండి, కాసిని నీళ్లు తీసుకోవచ్చా?"

"ఇవాళ సగం కూజా, దెదె," అన్నాడు సిద్కీ కర్ర మీది తడి గుర్తు చూస్తూ. "రేపు ఎలా ఉంటుందో చూద్దాం."

తలుపు తీసి పట్టుకున్నాడు. దెదె లోపలికి వచ్చి వంగి కూజా ముంచాడు. ఎత్తి చూసుకున్నాడు. సగానికి కాస్త ఎక్కువ వచ్చినట్టుంది. ఆ ఎక్కువైన నీళ్లను జాగ్రత్తగా తొట్టిలోకి ఒంపేశాడు. సిద్కీ అప్పుడు కర్ర మీద మేకుతో గీత గీస్తున్నాడు.

దెదె వెళ్లలేదు. సిద్కీ తల ఎత్తాడు.

"ఇంకేమైనా కావాలా?"

"లేదు. చెప్పి పోదామని. రేపటి నుంచి నేను రాను. వాగుకు వెళతాను."

"వాగెందుకు? వాగు కూడా ఎండిపోయింది. ఇక్కడ మీ వంతు ఉంది కదా. నేను లేననలేదే."

"లేదనలేదు. న్యాయంగానే ఇచ్చారు."

"మరి ఎందుకు?"

వెహ్బీ దెదె కూజా భుజానికి ఎత్తుకున్నాడు. సగమే ఉంది కాబట్టి సులువుగా ఎత్తగలిగాడు.

"ఇన్నాళ్లూ నేను అడిగినప్పుడల్లా మీరు సిగ్గుపడేవారు," అన్నాడు.